ఆరోగ్య శీర్షిక: గొట్టం తీసినా పూడని రంధ్రం



ఈ నెల ఎత్తుకున్న విషయం కొంచెం బరువైనదే. పండుగల సంచికలో ఇదేమిటని కొందరు అనుకోవచ్చు. కాని ఈ ఎమిరేట్లలో మనవాళ్ళున్న ప్రతి చోటా ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వినిపిస్తూనే ఉంటుంది: "గొంతులో గొట్టం పెట్టారు. మనిషి బతికాడు. గొట్టం తీసేశారు. రంధ్రం మాత్రం పూడలేదు. ఇప్పుడేం చెయ్యాలి?"

పరంజా మీదనుంచి పడి తలకు దెబ్బ తగిలినవారు, రోడ్డు ప్రమాదాలలో చిక్కినవారు, నడివయసులోనే పక్షవాతం వచ్చినవారు, 2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ తో వారాల తరబడి వెంటిలేటర్ మీద ఉన్నవారు - వీరిలో చాలామందికి ట్రెకియాస్టమీ అనే శస్త్రచికిత్స జరుగుతుంది. ప్రాణం దక్కిన సంతోషంలో ఇంటివారు గొట్టం సంగతి చిన్నదనుకుంటారు. ఆ చిన్న సంగతే తరువాత నెలల తరబడి వేధిస్తుంది. ఉద్యోగం, వీసా, తిరుగు ప్రయాణం అన్నీ దానితో ముడిపడిపోతాయి.

అందుకని రెండు లెక్కలూ పక్కపక్కనే పెట్టి చెప్పాలని మా ప్రయత్నం. ఒకటి పుండు మానే లెక్క. రెండోది సెలవుల లెక్క. ఈ రెండూ కలవవు. కలవవని ముందే తెలిసి ఉంటే సగం కష్టం తప్పుతుంది.

రంధ్రం ఎందుకు చేస్తారు?

నోటిలోంచి వేసిన గొట్టం ఎక్కువ రోజులు ఉంచితే స్వరపేటిక దెబ్బతింటుంది. రోగికి మత్తు ఇస్తూ ఉండాలి, నోరు శుభ్రం చేయడం కష్టం. అందుచేత వెంటిలేటర్ అవసరం వారాల పాటు ఉంటుందని తోచినప్పుడు మెడ ముందు భాగంలో, గొంతు ఎముకకు దిగువన చిన్న రంధ్రం చేసి నేరుగా శ్వాసనాళంలోకి వంపు గొట్టం అమరుస్తారు. పూర్వం కంఠసర్పి వ్యాధి వచ్చిన పసిపిల్లల ప్రాణం కాపాడటానికే దీన్ని ఎక్కువగా చేసేవారు. 1952లో కోపెన్ హాగెన్ నగరంలో పోలియో విజృంభించినప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే వైద్యుడు ఊపిరి తీసుకోలేని రోగులకు ఈ రంధ్రం ద్వారా రబ్బరు సంచితో గాలి కొట్టించాడు. వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబగళ్ళు కూర్చుని ఆ సంచులను చేతులతో నొక్కారు. ఇప్పటి ఐ.సి.యు.లకు అదే నాంది.

ఈ గొట్టం అందరికీ తాత్కాలికం కాదు. 1985లో స్టీఫెన్ హాకింగ్ కు న్యుమోనియా వచ్చినప్పుడు చేసిన రంధ్రం 2018లో ఆయన పోయేదాకా ఉండిపోయింది. నటి ఎలిజబెత్ టేలర్ కు 1961లో ఇదే శస్త్రచికిత్స జరిగింది. ఆమెకు మెడ మీద మచ్చ మాత్రం మిగిలింది. మన రోగి ఈ ఇద్దరిలో ఎవరి దారిన పోతాడన్నది జబ్బును బట్టి ఉంటుంది గాని, ఇంటివారి తొందరను బట్టి కాదు.

పూడవలసినది ఎందుకు పూడదు?

గొట్టం తీసిన తరువాత మామూలుగా జరిగేది ఇది. మొదటి ఒకటి రెండు రోజుల్లోనే రంధ్రం ముడుచుకోవడం మొదలవుతుంది. చాలామందిలో వారం, రెండు వారాల్లో మూసుకుపోతుంది. కుట్లు కూడా అక్కరలేదు. పైన శుభ్రమైన గుడ్డ వేసి అతికిస్తే చాలు.

గొట్టం నెలల తరబడి ఉన్నవారిలో కథ మారుతుంది. పైనుంచి చర్మపు పొర లోపలికి పాకుతుంది. లోపలినుంచి శ్వాసనాళపు పొర బయటికి పాకుతుంది. రెండూ కలుసుకుని రంధ్రం గోడలకు అస్తరు వేసినట్టు అతుక్కుంటాయి. చెవి కుట్టించుకుని చాలా ఏళ్ళు కమ్మలు పెట్టుకున్నవారికి, కమ్మ తీసినా రంధ్రం అలాగే ఉంటుంది గదా, ఇదీ అంతే. శరీరం దాన్ని పుండుగా చూడటం మానేసి, సహజమైన ద్వారంగా ఒప్పుకుంటుంది. దీన్నే డాక్టర్లు ఫిస్టులా అంటారు. గొట్టం నాలుగు నెలలు దాటి ఉంటే ఈ ప్రమాదం బాగా పెరుగుతుంది. కొన్ని పద్ధతుల్లో శస్త్రచికిత్స నాడే శ్వాసనాళపు అంచును చర్మానికి కలిపి కుడతారు. గొట్టం పొరపాటున ఊడితే తిరిగి పెట్టడానికి అది మంచి ఏర్పాటే గాని, తరువాత పూడటం ఆలస్యమవుతుంది.

దీనికి తోడు మనవాళ్ళలో మామూలైపోయిన కారణాలు మరికొన్ని ఉన్నాయి. అదుపులో లేని మధుమేహం మొదటిది. రెండోది సిగరెట్టు. మూడోది తిండి తగ్గి కండ కరిగిపోవడం. ఐ.సి.యు. నుంచి బయటపడిన మనిషి ఎముకల గూడులా ఉంటాడు, అతని ఒంట్లో పుండు మాన్చే సరుకే ఉండదు. పొట్టలోని పులుపు గొంతులోకి ఎగదన్నడం, మెడకు రేడియేషన్ తీసుకుని ఉండటం, చాలా రోజులు స్టెరాయిడ్ మందులు వాడటం కూడా కారణాలే.

అన్నిటికంటె ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. దాన్ని విడిగా చెప్పాలి.

మూసే ముందు పైదారి చూడాలి

రంధ్రం పూడకపోవడం ఒక్కోసారి జబ్బు కాదు, జబ్బుకు గుర్తు. పైన, అంటే రంధ్రానికీ స్వరపేటికకూ మధ్య, దారి ఇరుకై ఉంటే ఊపిరి సులువైన దారి వెతుక్కుని రంధ్రంలోంచే పోతుంది. అలా గాలి నిత్యం తోసుకుపోతున్న చోట గాయం ఎలా పూడుతుంది? అటువంటి మనిషికి ఆ రంధ్రమే ఆయువుపట్టు. ముందూ వెనకా చూడకుండా కుట్టేస్తే ఊపిరాడదు.

ఆ ఇరుకు ఎలా వస్తుందంటే - గొట్టం చివర చిన్న బుడగ ఉంటుంది, దాన్ని గాలితో ఉబ్బించి శ్వాసనాళానికి బిగువుగా ఆనిస్తారు. ఒత్తిడి ఎక్కువైతే లోపలి పొరకు రక్తం అందక పుండు పడుతుంది. 1970ల నుంచి మెత్తని, తక్కువ ఒత్తిడి బుడగలు వాడుకలోకి వచ్చాక ఇది తగ్గింది గాని పోలేదు. ఒత్తిడి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మట్టానికి మించకుండా రోజూ కొలవాలని నియమం. పుండు మానేటప్పుడు మచ్చ కట్టి బిగుసుకుంటుంది, నాళం సన్నబడుతుంది. రంధ్రానికి సరిగ్గా పైన ఎర్రని మెత్తటి కండ పెరిగి దారికి అడ్డంపడటం మరో రకం. నాళపు గోడ బలం కోల్పోయి, ఊపిరి పీల్చినప్పుడు లోపలికి కుంగిపోవడం ఇంకో రకం. చెవాలియర్ జాక్సన్ అనే అమెరికన్ వైద్యుడు రంధ్రం మరీ పైన చేస్తే స్వరపేటిక దగ్గర దారి మూసుకుపోతుందని 1921లోనే హెచ్చరించాడు. నూరేళ్ళు దాటినా ఆ హెచ్చరికకు విలువ తగ్గలేదు.

ఈ ఇరుకు గొట్టం తీసిన వెంటనే కనబడకపోవచ్చు. వారాల తరువాత, నెలల తరువాత కూడా బయటపడుతుంది. మెట్లెక్కితే ఆయాసం, ఊపిరి పీల్చేటప్పుడు కూత, గొంతులో కఫం అడ్డుపడినట్టుండటం. క్లినిక్ కు వెళితే పిల్లికూతలనుకుని ఉబ్బసానికి పీల్చే మందు రాసిస్తారు. నెలంతా పీల్చినా గుణం కనబడదు. కాబట్టి పాఠకులు ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోవాలి: ఎప్పుడో ఒకప్పుడు గొంతులో గొట్టం ఉండి, తరువాత ఆయాసం మొదలైతే, డాక్టరు అడగకపోయినా "నాకు ట్రెకియాస్టమీ జరిగింది" అని ముందుగా చెప్పాలి. ఆ ఒక్క మాటతో వైద్యం దారి మారిపోతుంది.

అందుచేత రంధ్రం మూయబోయే ముందు చెవి-ముక్కు-గొంతు వైద్యుడు సన్నని కెమెరా గొట్టంతో పైదారినీ కిందిదారినీ చూడాలి. అవసరమైతే సి.టి. స్కాన్ తీయిస్తారు. రంధ్రం మీద మూత బిగించి, దాంతోనే రోగి పగలూ రాత్రీ హాయిగా ఊపిరి తీసుకుంటున్నాడా, దగ్గి కఫం బయటికి తేగలుగుతున్నాడా, మింగినది ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఉందా - ఇవన్నీ తేలాలి. "కెమెరాతో చూశారా?" అని ఇంటివారు అడగడంలో తప్పు లేదు.

మూసే పద్ధతులు

గొట్టం తీసి మూడు నుంచి ఆరు నెలలైనా పూడకపోతే శస్త్రచికిత్స గురించి ఆలోచిస్తారు. పిల్లల్లో ఇంకా ఎక్కువ కాలం ఆగుతారు. అప్పటివరకు దానంతటది పూడే అవకాశం ఉంటుంది.

రంధ్రం అంచున ఎర్రని కండ పెరిగి నెత్తురు చెమరుస్తుంటే క్లినిక్ లోనే సిల్వర్ నైట్రేట్ పుల్లతో కాలుస్తారు. రెండు మూడు సార్లు అవసరం కావచ్చు. చిన్న రంధ్రానికి కొన్నిసార్లు ఇదే సరిపోతుంది.

అలా లొంగకపోతే అస్తరు కట్టిన సొరంగాన్ని కోసి తీసేస్తారు. ఆ తరువాత రెండు దారులున్నాయి. ఒకటి, పొరలు పొరలుగా కుట్టి మూసేయడం. చూడటానికి బాగుంటుంది, త్వరగా మానుతుంది. కాని రోగి గట్టిగా దగ్గితే లోపలి కుట్టులోంచి గాలి తప్పించుకుని చర్మం కింద చేరుతుంది. మెడ, మొహం పొంగుతాయి, వేలితో నొక్కితే చిటపటమంటుంది. గాలి ఛాతీలోకి దిగితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే చాలామంది సర్జన్లు గాలి బయటికి పోయేందుకు సన్నని రబ్బరు పట్టీ ఒకటి వదిలి, రోగిని ఆసుపత్రిలోనే ఉంచి గమనిస్తారు. రెండోది, సొరంగం తీసేసి కుట్టకుండా కట్టు కట్టి, అడుగునుంచి తనంతట పూడనివ్వడం. ఇది నిదానం, మచ్చ కొంచెం పెద్దది, కాని గాలి చిక్కుకునే ప్రమాదం తక్కువ. ఏది ఎవరికి తగినదో సర్జన్ నిర్ణయించాలి.

పూడిన తరువాత మచ్చ లోపలి నాళానికి అంటుకుని, మింగినప్పుడల్లా చర్మం గుంటపడి పైకీ కిందికీ లాగడం కొందరిలో ఉంటుంది. ప్రాణభయం లేదుగాని మనిషిని సిగ్గుతో కుంగదీస్తుంది. దీనికీ చిన్న ఆపరేషన్ ఉంది. మచ్చ పొంగి దురదపెట్టే రకం అయితే మళ్ళీ కోయకముందు చర్మవైద్యుణ్ణి అడగాలి. కోసిన చోట ఇంకా పెద్దదిగా పొంగడం ఆ రకం మచ్చకు అలవాటు.

గదిలో, క్యాంపులో జాగ్రత్తలు

పుస్తకాల్లో రాసిన జాగ్రత్తలు ఒక గదిలో ఎనిమిది మంది ఉండేచోట ఎలా కుదురుతాయని అడగవచ్చు. కుదిరేవే రాస్తున్నాము.

దగ్గేటప్పుడు, మాట్లాడేటప్పుడు కట్టు మీద రెండు వేళ్ళు ఉంచి మెత్తగా అదమాలి. గాలి రంధ్రంలోంచి తన్నడం తగ్గుతుంది, గొంతు స్పష్టంగా పలుకుతుంది. పూడటానికి ఇదే పెద్ద సాయం.

కట్టు తడిసిన వెంటనే మార్చాలి. కఫం తడి చర్మానికి అంటుకుని ఉంటే చుట్టూ ఒరుస్తుంది, ఎండాకాలపు చెమట తోడైతే బూజుపుండు కూడా వస్తుంది. కాచి చల్లార్చిన నీటితోనో సెలైన్ తోనో తుడిచి, ఆరబెట్టి, కొత్త కట్టు వేయాలి. దూదిని గాని, కత్తిరించిన గాజుగుడ్డ ముక్కలను గాని రంధ్రం దగ్గర పెట్టవద్దు, వాటి పోగులు లోపలికి పోతాయి. పసుపు, సున్నం, కొబ్బరినూనె, తలనొప్పి తైలాలు, పౌడర్లు ఏవీ రాయవద్దు. అక్కడ రాసింది చర్మం మీద ఉండదు, ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది.

స్నానం మెడ కిందికే. మగ్గుతో తలమీద పోసుకోవడం కుదరదు. తల స్నానానికి ఎవరైనా సాయపడి, తల వెనక్కి వంచి పోయాలి. సముద్రపు స్నానాలు, ఈత పూర్తిగా నిషేధం. మంగలి దగ్గర గడ్డం గీయించుకునేటప్పుడు నురగ, వెంట్రుకలు రంధ్రంలో పడకుండా కట్టు ఉంచుకోవాలి.

ఇక్కడి ఇసుక గాలి సంగతి వేరే చెప్పనక్కరలేదు. ముక్కు చేసే వడపోత పని రంధ్రం చెయ్యలేదు. బయటికి వెళితే పలుచని నూలు కండువా మెడకు వదులుగా చుట్టుకోవాలి. ఏ.సి. గాలి కఫాన్ని ఎండగట్టి గట్టిపరుస్తుంది గనుక ఏ.సి.కి ఎదురుగా మంచం వేసుకోవద్దు, డాక్టరు వద్దనకపోతే నీళ్ళు బాగా తాగాలి. గదిలో ఎవ్వరూ పొగ తాగకూడదు. ఇది గదిలోని మిగతా ఏడుగురికి మా మనవి.

తిండి విషయం. గుడ్డు, చేప, పప్పు, పెరుగు రోజూ ఉండాలి. పచ్చడి మెతుకులతో పుండు మానదు. మింగితే పొలమారుతుంటే ముందు ఆ సంగతి చూపించుకోవాలి. తిన్నది దగ్గుతో రంధ్రంలోంచి బయటపడితే అన్నవాహికకూ శ్వాసనాళానికీ మధ్య దారి పడిందేమోనని అనుమానించాలి.

ఎప్పుడు ఆగకూడదు? ఊపిరి పీల్చేటప్పుడు కూత, పెదవులు నీలంగా మారడం, రంధ్రంలోంచి ఎర్రని నెత్తురు, మెడ పొంగి చిటపటమనడం, జ్వరంతో చీము. వీటిలో ఏది కనబడినా 998కి ఫోన్ చేసి అంబులెన్స్ పిలవాలి. "పొద్దున చూద్దాం" అనుకోవద్దు.

సెలవుల లెక్క

ఇక రెండో లెక్క. 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం ప్రకారం ప్రొబేషన్ ముగిసినవారికి ఏడాదికి 90 రోజుల అనారోగ్య సెలవు ఉంది. మొదటి 15 రోజులు పూర్తి జీతం, తరువాత 30 రోజులు సగం జీతం, మిగిలిన 45 రోజులు జీతం లేదు. ఆ సెలవంతా అయిపోయినా పనిలో చేరలేకపోతే యజమాని ఉద్యోగం ముగించవచ్చు, రావలసిన బకాయిలు మాత్రం చెల్లించాలి. ఇప్పుడు లెక్క వేయండి. ఐ.సి.యు.లో నెల, గొట్టంతో మరో రెండు నెలలు. గొట్టం తీసేనాటికే 90 రోజులు చెల్లిపోయాయి. రంధ్రం పూడుతుందా లేదా అని ఎదురుచూడవలసిన మూడు నుంచి ఆరు నెలలు ఇంకా మొదలే కాలేదు.

పనిలో జరిగిన ప్రమాదమైతే లెక్క మారుతుంది. కోలుకుని పనిలో చేరేవరకు, లేదా వైకల్యం తేలేవరకు వైద్యం ఖర్చు యజమానిదే. చికిత్స కాలంలో ఆరు నెలల వరకు పూర్తి జీతం, అంతకు మించితే మరో ఆరు నెలలు సగం జీతం ఇవ్వాలి. కాబట్టి "ఇది పనిలో తగిలిన దెబ్బ" అన్న మాట మొదటి రోజు కాగితాల్లోనే స్పష్టంగా ఉండాలి. పోలీసు రిపోర్టు, ఆసుపత్రి రిపోర్టు రెండింటి నకళ్ళు ఇంటివారి దగ్గర ఉండాలి. రంధ్రం పూడకపోవడం కూడా ఆ దెబ్బ తాలూకు చికిత్సలో భాగమేనని డాక్టరు చేత రాయించుకోవడం మంచిది.

ఇన్సూరెన్సు సంగతి. అబుదాబిలో 2006 నుంచి, దుబాయిలో 2014 నుంచి దశలవారీగా, మిగిలిన ఎమిరేట్లలో 2025 జనవరి 1 నుంచి ఉద్యోగులకు ఆరోగ్య బీమా తప్పనిసరి అయింది. కాని బీమా వీసాను అంటిపెట్టుకుని ఉంటుంది. వీసా రద్దయితే ఎక్కువ కాలం ఉండదు. అందుచేత రద్దుకు ముందే కెమెరా పరీక్ష, స్కాన్ చేయించుకుని ఆ రిపోర్టులు చేతిలో ఉంచుకోవాలి. రంధ్రం మూయడం తరువాత స్వదేశంలోనైనా జరగవచ్చు. పైదారి చూడటం మాత్రం ఇక్కడే అయిపోవాలి.

ఒక హెచ్చరిక. సెలవు అయిపోతోందని, ఫిట్ నెస్ కాగితం కావాలని డాక్టరును తొందరపెట్టి రంధ్రం కుట్టించుకోవద్దు. తొందరపాటుకు చెల్లించే ధర ఊపిరి.

ఇంటికి పంపాలంటే

గొట్టం ఉండగానే విమానమెక్కించవలసి వస్తే, విమాన సంస్థ వైద్య పత్రం ముందుగా నింపాలి. విమానంలో గాలి పలుచగా, పొడిగా ఉంటుంది. పైకి వెళ్ళేకొద్దీ గొట్టం బుడగలోని గాలి వ్యాకోచించి నాళాన్ని నొక్కుతుంది. బుడగ ఒత్తిడి చూడటం, కఫం లాగే యంత్రం, అదనపు గొట్టం, తెలిసిన నర్సు - ఇవి లేకుండా హైదరాబాదు దాకా నాలుగు గంటలే గదా అని పంపరాదు.

డబ్బుకూ, కాగితాలకూ దుబాయిలోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రాన్ని 80046342 నంబరులో అడగవచ్చు. దిక్కులేని కేసుల్లో 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి దౌత్య కార్యాలయాలు సాయం చేస్తాయి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కట్టి వచ్చినవారు ఆ పాలసీ కాగితం ఇంట్లో వెతికించాలి. ప్రమాదంలో మరణానికి గాని శాశ్వత వైకల్యానికి గాని అందులో 10 లక్షల రూపాయల రక్షణ ఉంది.

స్వస్థలంలో ఈ పని తెలిసిన ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. హైదరాబాదులో కోఠీ ఇ.ఎన్.టి. ఆసుపత్రి, నిమ్స్, విశాఖపట్నంలో ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. మన రోగికి కావలసిన శస్త్రచికిత్స అందులో ఉందో లేదో బయలుదేరకముందే ఇంటివారు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి. గొట్టం సైజు, పెట్టిన తేదీ, తీసిన తేదీ, కెమెరా పరీక్ష ఫలితం - ఈ నాలుగూ ఒక కాగితం మీద రాయించుకుని పాస్ పోర్టుతో పాటు ఉంచితే అక్కడి డాక్టరుకు వారం పని తగ్గుతుంది.

చివరగా రోగి మనసు గురించి. గొంతు మీద చిల్లు ఉన్న మనిషి నలుగురిలోకి రాడు. మాట్లాడితే గాలి బుస్సుమంటుంది, కఫం వస్తుంది, పక్కవాళ్ళు మొహం తిప్పుకుంటారు. ఫోన్ లో ఇంటికి మాట్లాడటం కూడా మానేస్తాడు. ఇంట్లోవాళ్ళు డబ్బు పంపడం లేదని కాదు, గొంతు వినబడటం లేదని భయపడతారు. గదిలో వాళ్ళు చేయగలిగిన గొప్ప వైద్యం ఏమిటంటే, అతని పక్కన కూర్చుని, కట్టు మీద వేళ్ళు అదిమి మాట్లాడమని గుర్తు చేసి, ఇంటికి ఫోన్ కలిపి ఇవ్వడం.

ఇది డాక్టరు సలహాకు బదులు కాదని వేరే చెప్పనవసరం లేదు. డాక్టరును ఏమి అడగాలో తెలియడానికి మాత్రమే రాశాము. ఈ పేజీని మడిచి దాచుకోండి. అవసరమైన వారికి ఇవ్వండి. అవసరం రాకూడదనే మా కోరిక.

వచ్చే నెల ఇదే శీర్షికలో ఎండదెబ్బ గురించి ముచ్చటించుకుందాం.